ఆదివారం గోలి

బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక మా పెద్దబాపు కొడుకు ఉగాండా పోయిండు. అక్కడి చక్కెర మిల్లుల పాకం కాసే పని. ఏడాది తిరగకముందే మలేరియా మెదడుకెక్కి పానం పోయింది. మలేరియా రాకుండ ఇచ్చిన గోలీలు సక్కగ మింగలేదట, అంత నిర్లక్ష్యం ఎందుకని చావుకాడ గూడ అందరం అన్ననే తిట్టినం.

ఐదేండ్లకు అదే దేశంల, ఇంకో మిల్లుల, నాకు ల్యాబ్ పని దొరికింది. హైదరాబాద్ పోయి, ఆ దేశం పోయేటోళ్లకు తప్పనిసరైన పసుపు జ్వరం సూది వేయించుకున్న. సూది అయినంక అర్ధగంట కూసోబెట్టిండ్రు. అన్న గూడ గిట్లనే కూసుని ఉంటడు అనుకున్న.

మలేరియాకు నిజామాబాద్ డాక్టర్ వారానికొక గోలి రాసిండు. పోవుడుకు మూడు వారాల ముందే మొదలుపెట్టాలె, పడకపోతే వచ్చి చెప్పాలె అన్నడు. ఆదివారం మొదటిది మింగిన. ఆ పగలు కునుకు పట్టంగనే అన్న కండ్లవడ్డడు. తడిసిన బట్టలతోని గడపల కూసుని ఏదో చెప్తున్నడు, నాకు వినవడ్తలేదు. రెండో ఆదివారం అయినంక మెలకువల గూడ వదలలేదు. గంజ్ మార్కెట్ల పసుపు బస్తాల నడుమ నడుస్తుంటే ఎనక అన్న దగ్గు వినవడ్డది. చెప్తే పని పోతదని ఎవ్వరికి చెప్పలేదు.

నేను పోయే ముందు చూసిపోదామని అన్న పెండ్లాం, మా వదిన వచ్చింది. నా మొఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పిన. గోలీల పట్టీ చేతిలకు తీసుకుని తిప్పి చూసింది.

"మీ అన్నకు గూడ గిట్లనే అయ్యింది. కండ్లు మూస్తే సచ్చినోళ్లు వస్తున్నరని ఫోన్ల ఏడ్సిండు. గోలీలు నేనే బందు వెట్టుమన్న."

ఐదేండ్లు ఆ మాట ఎవ్వరికి చెప్పలేదు. మేం తిడుతుంటే పక్కన కూసుని విన్నది.

తెల్లారి తనే నన్ను డాక్టర్ దగ్గరికి తోలుకపోయింది. కొందరికి ఆ మందు పడదని, రోజూ మింగేది ఇంకోటి ఉందని ఆయన రాసిచ్చిండు. పనికేం అడ్డం కాదన్నడు. లేవబోతూ వదిన అడిగింది.

"గీ గోలి ఐదేండ్ల కింద గూడ ఉండెనా సారు?"

డాక్టర్ కలం మూతపెట్టి, "ఉండెనమ్మా" అన్నడు.



కొత్త గోలి పడ్డది. నేను విమానం ఎక్కినంక కొన్ని వారాలకు అన్న కండ్లవడుడు ఆగిపోయింది. రెండేండ్లు ఒక్క జ్వరం రాలేదు. రోజు పొద్దున వదిన ఫోన్ చేసేది. బాగున్నవా అని అడగకపోయేది. మింగినవా అనేది, మింగిన అంటే పెట్టేసేది.

తిరిగొచ్చినంక గూడ నెల దినాలు మింగాలె. అవి గూడ అయిపోయినయని వదినకు చెప్పిన. సరే అన్నది.

తెల్లారి మళ్ల ఫోన్ వచ్చింది. మింగినవా అన్నది.

"మింగిన వదినా" అన్న.