పెళ్ళివారి బొమ్మలకి ఆరని రంగు

స్వరాజ్యం వచ్చిన నాలుగైదేళ్ళకి నేను కొత్తపేట కోడలినయ్యేను. ఆ ఏడు దసరాకే అత్తగారు కొలువు బొమ్మల పెట్టె తాళం నా చేతికిచ్చేరు. లోపల బొటనవేలంతేసి మట్టి బొమ్మలు: పల్లకీ, బోయీలు, సన్నాయి మేళం, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. అన్నీ వాళ్ళమ్మగారు సొంత చేత్తో చేసి రంగులేసినవి. ఆవిడ పోయి చాలాకాలమైంది. ఆవిడవని చెప్పుకోడానికి ఇవి తప్ప ఇంకేమీ మిగల్లేదు.

"నాకు కళ్ళు మసకలమ్మా. రంగు లేచిపోయినచోట మాత్రం కాస్త అద్దు. మొహాలు ముట్టుకోకు," అన్నారు.

"ఆయ్," అన్నాను. అనడం వరకూ బుద్ధిగానే అన్నాను.

మా మరిది అమలాపురంలో ఫొటో స్టూడియోలో తెరలకి రంగులేసేవాడు. అతను పెన్నులాంటి పనిముట్టొకటి తెచ్చేడు. వెనకనించి గాలి పడితే ముందునించి రంగు పొగలా వస్తుంది. ఎయిర్ బ్రష్షుట. గాలికి సైకిలు పంపుతో ఉబ్బించిన లారీ ట్యూబు. "పాలంత పల్చగా కలుపు వదినా, జానెడు దూరంలో పట్టుకో," అని చెప్పి బస్సెక్కేసేడు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది నాకు. ఇంక అద్దడం ఎవరిక్కావాలి? బొమ్మలన్నీ కొత్తవాటిలా చేసి ఊరందరిచేతా భేష్ అనిపించుకోవాలని నా కుతి.

అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసేవేళ పెరట్లో మొదలెట్టేను. ముందు ఖాళీ కొబ్బరిచిప్పల మీద. ఎంతసేపటికీ రంగు రాలేదు. గొట్టంలోకి తొంగిచూసేను. అప్పుడొచ్చింది. ముక్కంతా ఆకుపచ్చ. గాలి చాలట్లేదని ట్యూబు మీదెక్కి కూచున్నాను. ఇంతలో మావారొచ్చి, నన్నూ ట్యూబునీ నా ముక్కునీ చూసి, ఏమీ అడక్కుండా లోపలికి పోయేరు. మా కాపురంలో ఆయన చేసిన తెలివైన పనుల్లో అదొకటి.

రంగేమో సైకిళ్ళకి వేసే ఎనామెలు, బంకలా ఉంది. పల్చన చెయ్యడానికి మరిది ఇచ్చిన టర్పెంటైన్ చిప్పలకే అయిపోయింది. మా కోనసీమలో తలకీ, కడుపునొప్పికీ, కిర్రుమనే తలుపుకీ, కుట్టుమిషనుకీ అన్నిటికీ కొబ్బరినూనే. రంగుకి మాత్రం ఎందుకు పనికిరాదు? ధారాళంగా పోసేను. అబ్బ, ఎంత చక్కగా వచ్చిందనుకున్నారు! గంటలో పెళ్ళివారందరూ మొహాలతో సహా తళతళలాడేరు.

ఆ తళతళ మర్నాడూ పోలేదు, మూడోనాడూ పోలేదు. ముట్టుకుంటే చేతికంటుతోంది. "వానలు కదండీ," అని అత్తగారికి సర్దిచెప్పి కొలువులో పెట్టేసేను. పెళ్ళికొడుకు మీసానికి అప్పటికే ఓ దోమ అతుక్కుని ఉంది. పేరంటానికొచ్చిన ఒకావిడ పల్లకీని ముచ్చటపడి పట్టుకుని, ఆ చెయ్యి పట్టుచీరకి తుడుచుకుంది. కొంప మునిగింది. గొడవ విని అత్తగారొచ్చి పెళ్ళికూతుర్ని చేతిలోకి తీసుకున్నారు. వేళ్ళు ఎర్రబడ్డాయి.

"మా అమ్మ దిద్దిన మొహాలమీద కూడా వేసేవా?"

"ఆయ్," అన్నాను. ఆవిడ గొంతులో కోపం లేదు. తిడితే బాగుండుననిపించింది. సిగ్గుతో చచ్చిపోయేను.

అందరూ వెళ్ళేక అత్తగారు పాత పంచెముక్క పుచ్చుకుని పెళ్ళికూతురి మొహం మెల్లగా తుడిచేరు. నా ఎరుపంతా గుడ్డకొచ్చేసింది. దానికింద సన్నటి కనుబొమలు, బుగ్గచుక్క, ఏమీ చెక్కుచెదరలేదు. బొమ్మని కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసేరు.

"ఇందులో ఏం కలిపేవే?"

"కొబ్బరినూనండి."

ఆవిడ పెళ్ళికొడుకుని అందుకున్నారు.

"వచ్చే ఏడూ నువ్వే వెయ్యి," అన్నారు. "నూనె ఇంకాస్త ఎక్కువ పొయ్యి."