పక్క మంచం అలారం

2023 వేసవి. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను బయోమెడికల్ ఇంజనీరుని. వెంటిలేటర్లు, మానిటర్లు, డయాలిసిస్ యంత్రాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం మా పని. ఆ ఏడాది మధురవాడలోని ఒక కాలేజీ నుంచి లావణ్య అనే మూడో సంవత్సరం ఎలక్ట్రానిక్స్ విద్యార్థిని ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది. వాళ్లది గోపాలపట్నం. స్నేహితురాళ్లందరికీ రుషికొండ ఐటీ ఆఫీసుల్లో దొరికింది. ఈ అమ్మాయి దరఖాస్తుకి జవాబిచ్చింది మేమొక్కరమే.

మొదట్లో ఆమెకి కాలిబ్రేషన్ అప్పజెప్పాను. అంటే, యంత్రం చూపించే కొలత నిజమో కాదో సరిచూడటం. చెప్పింది చెప్పినట్టు చేసేది కానీ ముఖంలో కళ ఉండేది కాదు. ఒకరోజు నా దగ్గరికొచ్చి, ఇక్కడ తను ఏం నేర్చుకుంటోందో తనకే తెలియడం లేదని, మానేస్తానని మెల్లగా చెప్పింది. ఆ వారం పూర్తిచేసి వెళ్లమన్నాను.

ఆ వారంలోనే డయాలిసిస్ యూనిట్ నుంచి కబురొచ్చింది. అప్పలనాయుడు గారనే పెద్దాయనకి పెట్టిన యంత్రం మాటిమాటికీ మోగుతోంది. అది వీనస్ ప్రెషర్ అలారం. శుద్ధి అయిన రక్తం ఒంట్లోకి తిరిగి వెళ్లే దారిలో అడ్డు తగిలితే వస్తుంది. యంత్రం మార్చినా మోత ఆగలేదు. మేం పరీక్షిస్తే లోపమేమీ కనిపించలేదు. చెయ్యి కదపొద్దని నర్సులు చెబుతూనే ఉన్నారు. ఆయన అప్పటికే ఒకసారి రావడం మానేసి, ఆయాసం ముదిరి ఎమర్జెన్సీలో చేరారు. ఇక డయాలిసిసే వద్దంటున్నారు.

"ఆ మిసను అరిసినప్పుడల్లా పేణం పోతన్నట్టుంటది. రేపట్నించీ నాను రానమ్మా," అన్నారు నాతో.

నాతో వచ్చిన లావణ్య స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. ఓడరేవులో కళాసీగా చేసిన రోజుల గురించి అడుగుతూ ఆ పూటంతా అక్కడే ఉంది. ఇంతలో పక్క మంచం యంత్రం మోగింది. ఆయన ఉలిక్కిపడి, సూదులున్న చెయ్యి మడిచారు. మరుక్షణం ఆయన యంత్రమూ మోగింది. కాసేపటికి మళ్లీ అలాగే జరిగింది.

"తాతా, ముందు మోగింది మీది కాదు, పక్కాయనది," అంది లావణ్య. "మీరు బయపడి సెయ్యి మడిసేత్తన్నారు. దారి నొక్కుకుపోయి అప్పుడు మీదీ అరుస్తంది."

ఆయన యంత్రం వైపు తల తిప్పారు. "అయితే నా పేణం మీదకేటీ రాలేదా?"

"రాలేదు తాతా. సెయ్యి సాపమని అడుగుతంది, అంతే."

ఈసారి పక్కది మోగినప్పుడు ఆయన లావణ్య ముఖంలోకి చూశారు. మీది కాదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన చెయ్యి కదల్లేదు. ఆ తర్వాత ఆయన డయాలిసిస్‌కి రావడం ఒక్కసారీ మానలేదు.

మానేస్తానన్న అమ్మాయి, రోజూ ఆ యూనిట్‌కే పంపమని అడిగింది. ఏ మోతకి ఏం అర్థమో కొత్త రోగులకి చెప్పడం తన పనిగా పెట్టుకుంది. ఇప్పుడు డయాలిసిస్ యంత్రాల సర్వీసు ఇంజనీరుగా చేస్తోంది.

ఇంటర్న్‌షిప్‌కి ఎవరొచ్చినా నేనిప్పుడు ముందుగా ఒక రోగి పక్కన కూర్చోబెడతాను. యంత్రం విప్పడం, బిగించడం ఎప్పుడైనా నేర్పవచ్చు. ఎవరి కోసం చేస్తున్నామో ఆ ముఖం ఒకసారి చూస్తే, మిగతాది పిల్లలే అడిగి నేర్చుకుంటారు.