"మీ గుండె ఆగిపోవచ్చు" అన్నందుకు

కోవిడ్ వచ్చే ముందు ఏడాది. ఆరు నెలల కాంట్రాక్ట్ మీద న్యూజెర్సీ నుంచి అరిజోనాలో నవాహోలనే అమెరికా ఆదివాసుల ప్రాంతానికి వెళ్ళాను. నేను మత్తు డాక్టర్‌ని. అక్కడ వాళ్ళకి సొంత ప్రభుత్వం, సొంత కోర్టులు ఉన్నాయి. మా చిన్న ఆసుపత్రిలో పెద్దవాళ్ళకి ఏదైనా వాళ్ళ నవాహో భాషలోనే, అదీ ట్రెయినింగ్ ఉన్న ఇంటర్‌ప్రెటర్ చేతే చెప్పించాలని రూలు. పక్కనున్న మనవరాలి చేత చెప్పిస్తే కుదరదు. ఇరవై ఏళ్ళు న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఉన్నా ఇలాంటి చోటొకటి ఉందని నాకు తెలియదు. తెగ ముచ్చటేసింది.

ఒకరోజు ఎనభై దాటిన ఆవిడ వచ్చింది. అందరూ గ్రాండ్‌మా అంటుంటే నా నోటికి అవ్వ అనే వచ్చింది. షుగర్ వల్ల కాలి వేళ్ళు కుళ్ళాయి. రెండు రోజుల్లో ఆపరేషన్ చేయకపోతే కాలే పోతుంది, ప్రాణానికీ ముప్పు. ముందు కన్సెంట్ తీసుకోవాలి, అంటే ప్రమాదాలన్నీ వివరించి సంతకం పెట్టించుకోవడం. ఫారాల విషయంలో నాకు చాదస్తం. వరసగా చదివాను: "మీ గుండె ఆగిపోవచ్చు. మీరు మళ్ళీ లేవకపోవచ్చు."

ఇంటర్‌ప్రెటర్ మార్లీన్ ఆగిపోయింది. "డాక్టర్, ఇలాగే చెప్పాలా?"

"ఉన్నదున్నట్టు చెప్పండి. తన భాషలో వినడం ఆవిడ హక్కు."

చెప్పింది. 'పేషెంట్ భాషలో వివరించాను' అన్న గడిలో నేను టిక్ పెట్టేశాను. అవ్వ దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడవైపు తిరిగింది. ఇంటికి పంపేయమంది.

బయటికొచ్చాక మార్లీన్ మెల్లగా అంది. "మా పెద్దవాళ్ళు చాలామందికి ఒక నమ్మకం. మనిషిని పట్టుకుని నీకిలా అవుతుంది అంటే, దాన్ని పిలిచినట్టే."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. మా ఇంట్లో తథాస్తు దేవతలు తిరగని రోజుందా? డ్రైవింగ్ నేర్చుకుంటూ మా అమ్మాయి "అమ్మా, యాక్సిడెంట్ అయితే?" అంటే "ఛీ, అవేం మాటలు" అని కసిరిందాన్ని నేనే. తెల్లకోటు వేసుకోగానే అదంతా ఎటు పోయిందో. సిగ్గేసింది.

"అలాగని దాచలేను కదా మార్లీన్. ఎలా చెప్పను?"

"ఆవిడ గురించి కాకుండా, వేరే ఎవరి గురించో చెప్పండి."

మళ్ళీ లోపలికెళ్ళి, అవ్వ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ముందు క్షమించమన్నాను. తర్వాత చెప్పాను. "ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది లేచి ఇంటికి వెళ్ళారు. ఒకాయనకి ఊపిరి అందలేదు, పక్కనే ఉన్న డాక్టర్ చూసుకుంది. ఇంకొకాయన గుండె తట్టుకోలేదు, ఆయన లేవలేదు. చేయించుకోకుండా వదిలేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి కాలు దక్కలేదు, కొందరు బతకలేదు." మార్లీన్ ఈసారి ఎక్కడా ఆగలేదు.

అవ్వ ఇటు తిరిగింది. "ఆ పక్కనే ఉండే డాక్టర్ ఎవరు?"

"నేనే, అవ్వా."

"మధ్యలో లేచి వెళ్ళవుగా?"

"వెళ్ళను."

సంతకం పెట్టింది. రెండు వేళ్ళు పోయాయి, కాలు దక్కింది.

ఇప్పుడు ఏ భాషవాళ్ళొచ్చినా, "ఇలాంటి సంగతులు మీకెలా చెప్పమంటారు?" అని ముందే అడుగుతాను. న్యూజెర్సీకి తిరిగొచ్చాక, ఐసెలిన్‌లోని మన తెలుగు అంకుల్స్‌నీ అడుగుతాను. అవ్వ ఫారంలో మాత్రం నేను మొదట పెట్టిన టిక్కే ఉండిపోయింది. అది పెట్టేటప్పటికి నేను ఆవిడకి వివరించింది ఏమీ లేదు.