ఎండబెట్టిన దోనె

ఆ వేసవిలో మా ఆయన నన్ను అడిగింది ఒక్కటే. కొల్లేట్లో దోనె మీద వెళ్ళి కొరమేను పట్టాలి, పాపని కూడా తీసుకెళ్ళాలి. మొదటి దానికి నాకేం అభ్యంతరం లేదు. రెండో దాని గురించే మార్చి నెలంతా మాట్లాడుకున్నాం.

ఆయన ఏలూరులో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. గాలం చిన్నప్పటి అలవాటు. దెందులూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో కాలవగట్టు మీద కూచుని పట్టడమే తప్ప, నీళ్ళ మధ్యకి వెళ్ళి పట్టింది ఎప్పుడూ లేదు. అంతకు ముందు ఏడాది ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్లు పోయినచోట చిన్న చిన్న మడుగులు మిగిలాయనీ, వాటిల్లో నాచు కింద కొరమేనులు చెయ్యంత పొడుగు ఉన్నాయనీ వాళ్ళ కాలేజీ అటెండరు చెప్పాడు. అటెండరు మేనమామది కొల్లేటికోట. ఆయనకి దోనె ఉంది. ఇంక మా ఆయన ఆగలేదు. ఇంటికి రాకముందే మాటిచ్చేశారు, వచ్చాక పాపకీ చెప్పేశారు, చివరికి నాకు చెప్పారు.

నేను తాడేపల్లిగూడెంలో పెరిగాను. మా వీధిలో నీళ్ళంటే కుళాయి, కుళాయి కింద బిందె. ఈత రాదు. పాపకి అప్పుడు ఐదేళ్ళు, పదహారు కిలోలు. తను పుట్టాక నాకు పట్టుకున్న భయాలకి ఒక వరస లేదు. వేరుశనగ గింజని రెండు బద్దలు చేసి పెట్టేదాన్ని. స్కూలు వాళ్ళు పిక్నిక్‌కి తీసుకెళ్తామని చీటీ పంపితే సంతకం పెట్టకుండా తిప్పి పంపాను. ఆ రోజు సాయంత్రం పాప ఏడవలేదు. "మా క్లాసులో నేనూ, జ్వరం వచ్చిన అబ్బాయీ ఉండిపోయాం" అని చెప్పి పాలు తాగింది. ఆ మాట ఆయన కూడా విన్నారు. దోనె సంగతి వచ్చినప్పుడల్లా ఆయన ఆ మాట ఎత్తలేదు గానీ, మా ఇద్దరి మధ్యా అది ఉంది.

అందుకని కాదనలేదు. షరతులు పెట్టాను. కాలెండరు పాత కాగితం వెనక వరసగా రాశాను. ఎండెక్కకముందే తిరిగి రావాలి. గాలి వీస్తే వెళ్ళకూడదు. ముందు ఆయన ఒక్కరే ఎక్కి ఒక చుట్టు తిరిగి రావాలి, తర్వాతే పాప. గాలం విసిరేటప్పుడు పాప ఆయన వెనక ఉండకూడదు, ముందూ ఉండకూడదు.

"మరి ఎక్కడుండాలి?" అన్నారాయన.

"అది మీరే ఆలోచించండి. లెక్కల మాస్టారు కదా."

"సరే."

"నీళ్ళు ఎంత లోతట?"

"నడుం లోతేనట."

"ఎవరి నడుం?"

ఆయన నవ్వేశారు. నేను నవ్వలేదు. పాప నుంచుంటే నా నడుం దగ్గరికే వస్తుంది.

ఫ్రిజ్ కొన్నప్పుడు వచ్చిన థర్మకోల్ అటక మీద ఉంటే దించి, ముక్కలు కోసి, పాత దుప్పటిలో పెట్టి కుట్టి పాపకి చొక్కాలాంటిది చేశాను. పనిచేస్తుందో లేదో చూడాలి కదా. పెరట్లో సిమెంటు తొట్టి నిండా నీళ్ళు పట్టి, సన్నికల్లుకి ఆ చొక్కా కట్టి వదిలాను. బుడుంగుమని అడుగుకి పోయింది. ఆయన కాలేజీ నుంచి వచ్చేసరికి నేను మోచేతుల దాకా తడిసి ఆ రాయిని పైకి తీస్తున్నాను.

"పాప రాయి కాదే" అన్నారు.

"తెలుసండీ."

"తెలిస్తే మరి బొప్పాయికాయ కట్టు. మనిషికి దగ్గరగా ఉంటుంది."

పక్కింటావిణ్ణి అడిగి పెద్ద బొప్పాయి తెచ్చి కట్టాం. తేలింది. బొప్పాయి ఊరికే వదిలినా తేలుతుందని ఆయన తర్వాత చూపించారు. ఇంకో పొర థర్మకోల్ కుట్టాను.

ఏప్రిల్లో రెండో శనివారం అని పెట్టుకున్నాం. మర్నాడు ఆదివారం చర్చికి వెళ్ళాలి కాబట్టి శనివారమే కుదురుతుంది. దానికి రెండు వారాల ముందు, దోనెని నా కళ్ళతో చూడాలని పట్టుబట్టి, స్కూటర్ మీద కొల్లేటికోట వెళ్ళాం. పాపని పక్కింట్లో దింపాం.

అటెండరు మేనమామ అరవై దాటిన మనిషి. మాట మెత్తన. ఆయన భార్య గట్టు మీద కూచుని వల బాగుచేస్తోంది. ఆయనకి రెండు దోనెలున్నాయి. ఒకటి రోజూ వేటకెళ్ళే ఒంటి దోనె, ఒక్క తాటిచెట్టు మొదలు తొలిచి చేసింది. రెండోది జంట దోనె, రెండు తాటిమొదళ్ళు పక్కపక్కన పెట్టి కట్టింది. మనుషులు ఎక్కువున్నప్పుడు అదే వాడతారట.

"ఏదండీ, ఎక్కడుంది?" అన్నాను.

"ఇక్కడేనండమ్మా" అని ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, వంగి, అడుగు నుంచి దేన్నో పట్టి లాగాడు. నల్లగా, నాచు పట్టి, అంచులకి నత్తలు అంటుకుని, బురద కారుతూ పైకి వచ్చింది. కుళ్ళు వాసన. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. నేను చూడాలని వచ్చిన దోనె నీళ్ళ అడుగున మునిగి ఉంది.

"మునిగిపోయిందా?" అన్నాను.

"అదక్కడే ఉంటదండమ్మా. కావాల్సినప్పుడు తీస్తాం."

అప్పుడు నేను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది. అడగలేదు. మా ఆయనకీ తోచలేదు. ఆయన మడుగులవైపు చూస్తూ నాచు ఎక్కడ దట్టంగా ఉందో లెక్కపెట్టుకుంటున్నారు.

"మా పాపని ఎక్కించాలండీ దీంట్లో. ఇలా కాదు. దీన్ని గట్టు మీదికి లాగించి, శుభ్రంగా కడిగించి, బాగా ఎండనివ్వండి. మేం వచ్చేదాకా మళ్ళీ నీళ్ళలో పెట్టకండి" అన్నాను.

ఆయన దోనె వైపు చూశాడు. నా వైపు చూశాడు. వల బాగుచేస్తున్న భార్య "అయ్యో, అదేంటి..." అని ఏదో అనబోతే, ఆయన చేత్తో వారించాడు.

"అలాగేనండమ్మా" అన్నాడు.

ఆయనకున్నంత మర్యాద నాకుంటే, ఆవిడ ఏమనబోయిందో అడిగి ఉండేదాన్ని. మధ్యలో ఒకసారి వాళ్ళ ఊరి కిళ్ళీకొట్టుకి ఫోన్ చేశాను. కొట్టతను ఆయన్ని పిలిపించాడు.

"ఎండిందాండీ?"

"బాగా ఎండిందండమ్మా." మళ్ళీ ఆయనే, "ఇంకా ఎండనివ్వమంటారా?" అన్నాడు.

"ఎండనివ్వండి" అన్నాను. కాలెండరు కాగితం మీద, దోనె ఎండాలని చివర రాసుకున్నచోట టిక్కు పెట్టాను. ఇంక ముందుగా చూసుకోవాల్సిన షరతులేం మిగల్లేదు. పాప ఆ వారం నోట్‌బుక్కులో దోనె బొమ్మ వేసింది. ముగ్గురం ఉన్నాం. నా చేతులు మాత్రం మిగతా ఇద్దరి చేతులకంటే చాలా పొడుగు, దోనె చుట్టూ వచ్చాయి.

ఆ శనివారం తెల్లవారుతూనే బయల్దేరాం. ఎరకి ఆయన ముందురోజు పట్టిన చిన్న కప్పలు హార్లిక్స్ సీసాలో ఉన్నాయి, మూతకి మేకుతో కన్నాలు పెట్టి. కొరమేను కప్పకే వస్తుందట. పాప దారి పొడుగునా సీసాని ఒళ్ళో పెట్టుకుని వాటికి ఊరు చూపించింది.

గట్టు మీద దోనె చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నలుపు పోయి బూడిదరంగుకి వచ్చింది. చేత్తో రాస్తే దుమ్ము కూడా లేదు. నత్త అన్నది లేదు. అంతకు ముందు ఏ పడవనీ అంత ఇష్టంగా ముట్టుకోలేదు. పీచు వెంబడి సన్నని గీతలున్నాయి. తాటిచెక్క అంటే అలాగే ఉంటుందనుకున్నాను.

నీళ్ళలోకి దించారు. షరతు ప్రకారం ముందు మా ఆయన ఎక్కారు, కొత్త గాలం కర్ర పట్టుకుని. పెద్దాయన గెడ వేశాడు. పాప థర్మకోల్ చొక్కాలో చేతులు కిందికి దించలేక, రెక్కలు చాపిన కొంగలా నా పక్కన నుంచుంది. నేను దాని చొక్కా కొస పట్టుకున్నాను.

గట్టు నుంచి ఇరవై అడుగులు వెళ్ళారేమో. ఆయన కిందికి చూశారు. ఒక కాలు ఎత్తారు. తర్వాత రెండో కాలు ఎత్తారు. పెద్దాయన గెడ ఆపాడు.

"ఏమైందండీ?" అని అరిచాను.

"ఏం లేదు" అన్నారు. ఆయన ఏం లేదన్నారంటే ఏదో ఉన్నట్టే. అప్పటికే దోనె అంచు నీళ్ళకి సమానంగా వచ్చేసింది. మేం చూస్తూండగా నెమ్మదిగా, ఏ చప్పుడూ లేకుండా, ఇద్దరూ నుంచున్నవాళ్ళు నుంచున్నట్టే కిందికి దిగారు. నడుం దాకా వచ్చి ఆగిపోయారు. ఆయన గాలం కర్రని మాత్రం తల మీదికి ఎత్తి పట్టుకున్నారు.

"మాస్టారండోయ్, చేపల్ని గాలం వేసి పైకి లాగుతారనుకున్నాం గానీ, మీరే వాటి దగ్గరికి దిగిపోయారేంటండీ!" అని పెద్దాయన భార్య గట్టు మీంచి పకపకా నవ్వింది.

నేను పాప చొక్కాని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే కుట్టు ఊడిపోయింది.

వాళ్ళిద్దరూ నడుచుకుంటూ ఒడ్డుకి వచ్చారు. ఆవిడ నవ్వాపుకుని మొగుడి మీద పడింది. "చెప్పానా లేదా? పద్నాలుగు రోజులు ఎండలో పెడితే పగలక ఏమవుద్ది? ఆవిడకి తెలియక అంది. నీకు తెలియదూ?"

"అమ్మగారు చదువుకున్నోరు. ఏదో లెక్క ఉంటదనుకున్నాను" అన్నాడాయన. ఎగతాళి లేదు. నిజంగానే అన్నాడు. "కాదంటే పాపని తీసుకురారేమోనని కూడా అనుకున్నానండమ్మా."

ఆవిడ అప్పుడు నాకు చెప్పింది. తాటిదోనెని పని లేనప్పుడు నీళ్ళలో ముంచే ఉంచుతారు. తడిలో ఉన్నంతకాలం చెక్క ఉబ్బి ఒత్తుకుని ఉంటుంది, చుక్క రానివ్వదు. ఎండితే ముడుచుకుపోయి పగుళ్ళిస్తుంది. నేను డిగ్రీలో బోటనీ చదివాను. కణాలు నీరు పీల్చుకుని ఉబ్బడం గురించి రెండు పేజీలు, బొమ్మతో సహా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. వానాకాలంలో మా ఇంటి తలుపు పట్టేస్తే అదెందుకో పాపకి నేనే చెప్పాను.

షరతుల్లో ఒకటి పాపని కాపాడింది. ఇంకొకటి దోనెని ముంచింది. రెండూ ఒకే కాగితం మీద, ఒకే చేతిరాతలో ఉన్నాయి. మా ఆయన గట్టు మీద ప్యాంటు పిండుకుంటున్నారు.

పాప ఏడవలేదు. హార్లిక్స్ సీసా వైపు చూస్తూ, "అయితే మనం ఇంటికెళ్ళిపోతామా?" అంది. పిక్నిక్ చీటీ రోజు మాట్లాడిన గొంతే.

"చిన్నది ఉందిగా. దాన్నెవరూ ఎండబెట్టలేదు" అంది పెద్దావిడ. "మాస్టారి బరువుకి ఆగదు. పాపని నేను తిప్పుకొస్తాను. నువ్వు కూడా రామ్మా, ఒళ్ళో కూచోబెట్టుకో. మన ఇద్దరికీ, ఈ పిట్టకీ ఆగుద్ది."

ఒంటి దోనె గట్టు పక్కనే నీళ్ళలో ఉంది. నల్లగా, నాచుతో, అచ్చం నేను అసహ్యించుకున్న వాసనతో. ఆవిడ అందులో నీళ్ళు తోడి పోసినా అడుగున వేలెడు లోతు మిగిలిపోయాయి. మా ఆయన నా వైపు చూడకుండా మడుగువైపు చూశారు. ఆయన రమ్మని గానీ వద్దని గానీ అంటే నాకు సులువయ్యేది.

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఎక్కాను. అడుగు జారింది, ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. కూచుంటే తడి చీరలోంచి చల్లగా ఒంటికి తగిలింది. ఆయన పాపని అందించారు. ఆవిడ గెడ వేసింది. దోనె కదిలినప్పుడు నేను కళ్ళు మూసుకోలేదు, అడుగునే చూస్తూ కూచున్నాను. ఆ మిగిలిన నీళ్ళు పెరగలేదు. మడుగు అవతలి నాచు దాకా వెళ్ళి వచ్చేదాకా పెరగలేదు.

అక్కడ ఆవిడ చిన్న కర్రకి గాలం కట్టి పాప చేతికిచ్చింది. పాప సీసా మూత తీసి, కప్పల్ని ఎంచి, ఒక్కటీ ఇవ్వనంది. ఆవిడ ఉత్త గాలమే వేయనిచ్చింది. కొరమేను ఒకచోట తోక కొట్టి నీళ్ళు చిమ్మింది. అంతే. పాప అరిచిన అరుపుకి గట్టు మీద మా ఆయన లేచి నుంచోవడం కనిపించింది. "ఏం లేదండీ" అని అరిచాను.

తిరిగొచ్చాక జంట దోనెని మడుగు అంచుకి నెట్టుకొచ్చారు. అది అడుగుకి దిగేలా బురదా రాళ్ళూ నింపాలి.

"పనికొస్తుందాండీ మళ్ళీ?" అన్నాను.

"పగులు లోతుగా లేదండమ్మా. నెల్లాళ్ళు నాననిస్తే కూడుకుంటది."

పెద్దాయన, మా ఆయన ఒక కొస నొక్కుతున్నారు. రెండో కొస పైకి లేస్తోంది. నేను దిగి రెండు చేతులతో దాన్ని నొక్కాను. బుడగలు వచ్చాయి. పాప గట్టు మీంచి, "అమ్మా, మునిగిపోతోంది!" అంది.

"మునగనీ" అన్నాను.

మే నెలలో రెండో శనివారం దగ్గర పడుతుంటే కిళ్ళీకొట్టుకి ఫోన్ చేశాను. పెద్దాయన వచ్చేదాకా పట్టుకునే ఉన్నాను.

"దోనె ఎక్కడుందండీ?"

"నీళ్ళలోనే ఉందండమ్మా. అడుగున."

"సరేనండీ. శనివారం పాపని తీసుకొస్తున్నాం" అని పెట్టేశాను.