చక్రధర్‌పూర్ నుంచి తిరిగొచ్చిన డబ్బా

బాణలిలో ఎండు రొయ్యలు పడితే ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, ఖరిదా పేటలో మా సందు మొత్తానికీ తెలిసిపోతుంది. పై వాటాలోని బెంగాలీ దీదీ కిటికీ మూసేసుకుంటుంది. ఇవాళ పొద్దున కూడా మూసేసుకుంది. వేగిన రొయ్యల్లో ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి దంచుతుంటే ఆ ఘాటుకి కళ్ళు మండాయి, ముక్కు కారింది, ఎప్పటిలాగే మొహం కూడా వేడెక్కింది. మొహం వేడెక్కడం కారం వల్ల కాదు, సిగ్గు వల్ల. ఇన్నేళ్ళయినా ఆ వాసనకి మొదట వచ్చేది సిగ్గే. ఆ వెనకే కరుణమ్మ అత్త వస్తుంది.

అత్త మాకు చుట్టమేమీ కాదు. నా చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లలో మా పక్కింటావిడ, గూడ్సు బండి గార్డు భార్య. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చర్చిలో ఆవిడ పాట అందుకుంటే హార్మోనియం ఆవిడ వెనకాల పరిగెత్తాల్సిందే. అమ్మని వదినా అనేది, నాన్నని అన్నయ్యా అనేది. నేను హైస్కూల్లో చేరిన ఏడాది, ఎనభైలలో, లైను మీద పనిచేసే మా నాన్న ఒక చిన్న స్టేషన్లో రైల్వే ఇత్తడి అమ్ముతూ పట్టుబడ్డాడు. గిట్టనివాళ్ళు బనాయించిన కేసు కాదది. చేశాడు. శిక్ష పడింది, నది అవతల మేదినీపూర్ జైల్లో పెట్టారు. సంగతి మా ఊళ్ళో జరగలేదు కదా అని అమ్మ ధైర్యం చేసి, ఆయన్ని చక్రధర్‌పూర్ బదిలీ చేశారని అందరికీ చెప్పేసింది. ఆదివారం పాస్టరుగారు చక్రధర్‌పూర్‌లో ఒంటరిగా ఉన్న మన సహోదరుణ్ణి కాపాడు తండ్రీ అని ప్రార్థన చేస్తే, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అమ్మే. నేను బెంచీ కింద నా చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను.

రైల్వే వాళ్ళ మధ్య ఆడకూడని అబద్ధం అది. మనవాడెవడైనా బయట స్టేషన్లో ఉన్నాడంటే చాలు, అటువైపు వెళ్ళే గార్డు చేతికో డ్రైవరు చేతికో ఓ డబ్బా కట్టి ఇచ్చేయడం మా వాళ్ళకి అలవాటు. అమ్మకి ఈ మాట తట్టనే లేదు. అత్త ఎండు రొయ్యల కారం దంచి, డబ్బాకి గుడ్డ కట్టి, భర్త చేతికిచ్చి చక్రధర్‌పూర్ పంపింది. ఆయన అక్కడ షెడ్డులో అడిగాడు, ఆఫీసులో అడిగాడు. ఆ పేరు గల మనిషి అక్కడెవరికీ తెలియదన్నారు. ఎక్కడున్నాడో తెలిసినవాడొకడు మాత్రం నవ్వి చెప్పాడట.

మర్నాడు సాయంత్రం అత్త అదే డబ్బా పట్టుకుని మా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"వదినా, డబ్బా తిరిగొచ్చేసినాది."

అమ్మ పొయ్యి వైపే తిరిగి ఉండిపోయింది. నాకు తల తీసేసినట్టయింది. ఇప్పుడు అడుగుతుంది, ఎందుకు అబద్ధమాడారని అడుగుతుంది అనుకున్నాను. ఆవిడ పీట లాక్కుని కూర్చుంది.

"ఏ రోజు సూడనిస్తారు?" అంది. అంతే.

"నానింకా ఎల్లనేదు వదినా. ఏ మొకం పెట్టుకుని ఎల్లను?" అని అమ్మ ఏడ్చింది.

"ఉన్న మొకమే పెట్టుకుని ఎల్దాం. గుంటని కూడా తీసుకెల్దాం" అంది అత్త, నన్ను చూపించి.

తీరా ఆ రోజు వచ్చేసరికి అమ్మ గడప దాటలేకపోయింది. అత్తా నేనూ బస్సెక్కాం. బస్సులో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని నేను దారంతా కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు. జైలు గేటు దగ్గర సిపాయి పుల్లతో కారమంతా కెలికి, ఆయన నీకేమవుతాడని అడిగాడు. "ఆమార్ నిజేర్ దాదా" అంది అత్త, సొంత అన్న అని, కన్ను ఆర్పకుండా. లోపలికి కబురు వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చింది: ఆయన ఎవరినీ చూడనంటున్నాడు. నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. వెళ్ళిపోదామని లేచాను.

"కూకోయే" అంది అత్త. సిపాయి వైపు తిరిగి తనకొచ్చిన హిందీలో, ఈ డబ్బా చక్రధర్‌పూర్ దాకా వెళ్ళి వచ్చిందని చెప్పు, ఇంకెక్కడికీ వెళ్ళదని చెప్పు అంది. సిపాయికి ఏం అర్థమైందో గాని వెళ్ళి చెప్పాడు. నాన్నకి అర్థమైనట్టుంది. వచ్చాడు.

ఇనప జాలీ అవతల తల వంచుకుని నిలబడ్డాడు. ఇవతల నేనూ అంతే.

"అన్నయ్యా, తలెత్తు" అంది అత్త. "పిల్ల నీ మొకం సూడ్డానికొచ్చింది గాని నీ నెత్తి సూడ్డానికి కాదు."

నాన్న తలెత్తాడు. గడ్డం నెరిసిపోయింది.

"బడికెల్తన్నావా?" అన్నాడు.

"ఎల్తన్నాను."

ఆ రోజు తండ్రీ కూతుళ్ళం మాట్లాడుకున్నది అంతే. తిరుగు బస్సులో నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే అత్త ఊరుకోమనలేదు. "సిగ్గేస్తాది. ఎయ్యనీ. పై నెల సిగ్గుతోటే రా" అంది.

పై నెల అమ్మ కూడా వచ్చింది. నాన్న ఉద్యోగం ఎలాగూ పోయింది, విడుదలయ్యాక సైకిల్ షాపులో కూలికి కుదిరాడు. సిగ్గు ఆయన్ని చివరిదాకా వదల్లేదు. నన్నూ వదల్లేదు. వదిలించాలని అత్త ఎప్పుడూ చూడలేదు, దాన్ని వెంటబెట్టుకునే నడిపించింది. తొంభైలలో ఆవిడా కన్నుమూసింది.

ఇప్పుడు మా సందు చివర శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్త పెళ్ళికూతురు ఉంటోంది. భర్తది ఇండస్ట్రియల్ పార్కులో ఉద్యోగం. కొన్నాళ్ళుగా కనపడ్డం లేదు. కంపెనీ పని మీద రాంచీ వెళ్ళాడని ఆ పిల్ల అంటుంది, ఔనా అని అందరం అంటాం. సంగతి అందరికీ తెలుసు. పొద్దున దంచిన కారం డబ్బాలో పెట్టుకుని ఆ ఇంటిదాకా వెళ్ళానే గాని, తలుపు తట్టబోయి ఆగిపోయాను. మొహం వేడెక్కింది. దారినపోయే టోటో రిక్షావాడు ఎక్కుతారా అన్నట్టు చూస్తే, ఎక్కి ఇంటికి పోదామా అనిపించింది కూడా. తట్టాను.

ఆ పిల్ల తలుపు తీసి డబ్బా చూసి, "మా ఆయన రాంచీలో ఉన్నారండి, ఎప్పుడొస్తారో..." అంది.

"ఏ రోజు సూడనిస్తారమ్మా?" అన్నాను.

ఆ పిల్ల గుమ్మం పట్టుకుంది. తల ఎత్తకుండానే, "లచ్చివారం" అంది.