రీసైకిల్ బిన్‌లో శ్రావణి

2022 వానాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ ఎదురు సందులో, ఒక కాంప్లెక్స్ సెల్లార్‌లో నా ల్యాప్‌టాప్ రిపేర్ దుకాణం. మాది ఒంగోలు వైపు. ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయినా నా యాస పోలేదు, దాన్ని వెక్కిరించే కస్టమర్లూ పోలేదు.

నా బల్ల మీదికి వచ్చే పనుల్లో సగం ఒకటే. ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోందని తెస్తారు. లోపల గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్క్ తీసేసి, తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ వేస్తాం. పాతదానిలో ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి దించడాన్ని క్లోనింగ్ అంటాం. డిలీట్ చేసి రీసైకిల్ బిన్‌లో పడేసిన చెత్త కూడా వచ్చేస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు బిన్ ఖాళీ చెయ్యమంటారా అని అందరినీ అడుగుతాను. ఎవరూ ఆలోచించరు, సరే అనేస్తారు.

యాదగిరి గారు కొత్తపేటలో పోచంపల్లి చీరల షాపు నడుపుతారు. భార్య సుజాతమ్మతో కలిసి వచ్చారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకునేలోపు కస్టమర్ పక్క షాపుకు పోతున్నాడని ఆయన గోడు. బిన్ తెరిచాను. నిండా ఒకే అమ్మాయి ఫొటోలు. స్కూల్ యూనిఫాంలో, స్కూటీ మీద, షాపులో కొత్త చీర భుజాన వేసుకుని.

"ఇందులో చాలా ఫొటోలున్నాయండీ. తీసెయ్యమంటారా?"

ఆయన స్క్రీన్ వైపు చూడలేదు. "తీసెయ్. చెత్తనే గద."

సుజాతమ్మ మాత్రం స్క్రీన్ మీది నుంచి కళ్లు తిప్పలేదు.

మర్నాడు దుకాణం తెరవడానికి వెళ్లేసరికి ఆవిడ మెట్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో కూరగాయల సంచి, ఖాళీగా.

"తమ్మీ, అవి తీసేసినవా?"

"ఇంకా లేదమ్మా."

అక్కడే మెట్టు మీద కూర్చుని సంగతంతా చెప్పింది.

ఆ అమ్మాయి శ్రావణి, వాళ్ల ఒక్కగానొక్క కూతురు. రెండేళ్ల కిందట ప్రేమించిన అబ్బాయిని చర్చిలో పెళ్లి చేసుకుని వనస్థలిపురంలో ఉంటోంది. ఆటో ఎక్కితే ఎంతసేపని! తండ్రి మాత్రం ఆ పేరే ఇంట్లో ఎత్తొద్దన్నారు. ఇద్దరి ఫోన్లలో ఫొటోలు పోయాయి, ల్యాప్‌టాప్‌లోవీ డిలీట్ చేసేశారు. అవి బిన్‌లో మిగిలి ఉన్నాయని బిల్లులు ఎక్కిస్తుండగా ఈమె కనిపెట్టింది. బిన్‌లో ఉన్న ఫొటో తెరుచుకోదు. చిన్న బొమ్మగా కనిపిస్తుంది, అంతే.

"రీస్టోర్ కొడితే పెద్దగా చూసుకునేవారు కదమ్మా?"

"బయటికి తీస్తే ఆయనకు తెలుస్తది. గందుకే అండ్లనే చూస్త. ఆయన లేనప్పుడు రోజూ చూస్త."

పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానన్నాను. "ఏడ దాచాలె తమ్మీ? దేనికి పెట్టి చూడాలె?" అంది.

ఒక్కటి పెద్దగా చూపించమని అడిగింది. దుకాణం తెరిచి, స్కూటీ మీది ఫొటో బిన్‌లోంచి బయటికి తీసి చూపించాను. స్క్రీన్ నిండా ఆ పిల్ల నవ్వు. సుజాతమ్మ ముందుకు వంగి, గడ్డం కింది పుట్టుమచ్చ మీద వేలు పెట్టింది.

"చాలు. మల్ల అండ్లనే పెట్టు."

నా చేత్తో నేనే డిలీట్ నొక్కాను. రోజుకు ఎన్ని ఫైళ్లు తీసేస్తానో లెక్క లేదు. ఆ ఒక్కటి మాత్రం మళ్లీ బిన్‌లో పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

ఖాళీ చెయ్యనని ఆవిడకు మాటిచ్చాను. బిన్‌తో సహా క్లోనింగ్ పూర్తిచేసి, పాత డిస్క్ ఫార్మాట్ చేసి పక్కన పెట్టాను.

సాయంత్రం యాదగిరి గారు ఒక్కరే వచ్చారు. ల్యాప్‌టాప్ చిటికెలో తెరుచుకుంది. ఎవరైనా అప్పుడు ముఖం వెలిగిపోయి రెండుసార్లు ఆపి, మళ్లీ ఆన్ చేసి చూస్తారు. ఆయన బిల్లింగ్ కూడా తెరవలేదు.

"గవి తీసేసినవా?"

"తీసేశానండీ."

ఆయన కీబోర్డు మీది దుమ్ము బొటనవేలితో తుడిచారు.

"ఒక్కటి గూడ లేదా?"

ఖాయం చేసుకుంటున్నారో, బతిమాలుతున్నారో నాకు తెలియలేదు. ఖాయం చేసుకుంటున్నారనుకుంటే, నేను నిజం చెప్పిన మరుక్షణం ఆ తల్లికి ఆ చిన్న బొమ్మలు కూడా దక్కవు.

"లేదండీ" అన్నాను.

తల ఊపి, బ్యాగు భుజాన వేసుకుని, మెల్లగా మెట్లెక్కి వెళ్లిపోయారు. పాత డిస్క్ బల్ల మీదే మర్చిపోయారు.

ఆయన వెళ్లాక తట్టింది నా మట్టిబుర్రకు. బిన్ ఖాళీ చెయ్యడం ఒక్క నొక్కుడు పని. రోజంతా దాని మీద బిల్లులు కొట్టే మనిషికి రాని పని కాదు. కూతురి పెళ్లయి రెండేళ్లు దాటినా ఆయన ఆ పని చేసుకోలేకపోయారు. నేను అడిగాను కాబట్టి, భార్య ఎదురుగా అడిగాను కాబట్టి, నన్ను చెయ్యమన్నారు.

ఇప్పుడు ఎవరైనా బిన్ ఖాళీ చెయ్యమంటే ల్యాప్‌టాప్ వాళ్ల వైపు తిప్పి, "మీరే నొక్కండి" అంటాను. చాలామంది టక్కున నొక్కేస్తారు. ఎప్పుడో ఒకరు మౌస్ మీద వేలు అలాగే ఉంచి, కాసేపటికి "ఉండనీ తియ్యి" అంటారు. ఆ రోజు మౌస్ యాదగిరి గారి చేతికిచ్చి ఉంటే, ఆయనా ఆ మాటే అనేవారేమో.