సేటు పేరు చెక్కిన పలక

నిజాం జమానాల నేను హైదరాబాద్ శాలిబండల ఒక ఆడపిల్లల బడిల ఏడో తరగతి చదువుతుంటి. అఫ్జల్‌గంజ్ సేటు ఒకాయన, తను పోయినంక ఒక దుకాణం బడికే చెందాలని వీలునామా రాసిండు. మనిషి నిక్షేపంగ ఉండంగనే ఆయన పేరు చెక్కిన పలక బడి గోడకెక్కింది! ఆ పలక పెట్టిన సభల సన్మానపత్రం చదివే పని నా మీద పడ్డది.

"ఆడపిల్లల చదువే ప్రాణంగా బతికే మహానుభావులు" అన్నకాడ చదువుడు ఆపిన. ఆ మహానుభావుని బిడ్డ సుగుణ, నా బెంచి మీది పిల్లనే. పెద్దమనిషైందని అంతకు ముందటేడే బడి మానిపిచ్చిండు. మమ్ములను బడికి తీస్కపోయే పరదా బండి ఇంటింటి ముందు ఆగేది, ఆయా పేరు పెట్టి పిలిచేది. సుగుణ ఇంటి ముందు మాత్రం ఆగకుండ పోయేది. ఆమె కిటికీల నిలబడి చూసేది.

"ఏంది బిడ్డా, చదువు," అన్నడు సేటు, దండ సర్దుకుంట.

"సుగుణను బడికి ఎప్పుడు పంపిస్తరు సేట్ సాబ్?" అని అడిగేసిన.

సేటు మొఖం మాడిపోయింది. పెద్ద పంతులమ్మ నా రెక్క పట్టి గుంజుకపోయింది. సుగుణ మళ్ల బడికి రానేలేదు.

ఎన్నో ఏండ్లు గడిచినయి, నిరుడు ముసలితనంల సుగుణ కాలం చేసింది. తన ఇల్లు గదే బడికి రాసింది. పలక వద్దన్నది. ఒక్కటే షరతు: చదువు మానేసిన పిల్ల ఇంటి ముందు బడి బస్సు రోజూ ఆగాలె, ఆయా పేరు పెట్టి పిలవాలె.

బడిల పెట్టిన సంతాప సభల ఒక పెద్దమనిషి, ఆమెకు ఈ గుణం తండ్రి నుంచే వచ్చిందని చెప్పి, గోడ మీది ఆ సేటు పలకకు దండేసిండు!